అవునో కాదో, ఒక తేదీలోగా చెప్పండి

కామెడీ షోలు నడిపేవారికి, స్క్రిప్టులు రాయించుకునే నిర్మాతలకు, ఛానెళ్లలో స్క్రిప్టులు చదివి నిర్ణయం చెప్పేవారికి,

నమస్కారం.

నేను కామెడీ రాస్తాను, స్టేజీ మీద చేస్తాను. పదకొండేళ్లుగా ఇదే పని. ఈ ఉత్తరం మీలో ఏ ఒక్కరినో దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు, అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు. అయితే ఇది చదువుతుండగా, మీరు జవాబివ్వకుండా వదిలేసిన ఒక రచయిత గుర్తొస్తే మాత్రం ఇది మీకే రాశాననుకోండి.

ఇవాళ్టికి నా చేతిలో ఏడు పనులున్నాయి. నేనొక్కదాన్నే గంటసేపు నిలబడి చేసే స్టాండప్ షో ఒకటి, అందులో 38 నిమిషాలు తయారయ్యాయి. ఇద్దరు స్నేహితులతో కలిసి రాస్తున్న స్కెచ్‌లు, అంటే చిన్న చిన్న హాస్య సన్నివేశాలు. ఒక సంస్థ వార్షికోత్సవానికి యాంకర్ స్క్రిప్టు. ఒక వెబ్ సిరీస్ మొదటి ఎపిసోడ్, నాలుగో డ్రాఫ్టు దాటింది. పిల్లల యానిమేషన్‌కి డైలాగులు. ఒక పాడ్‌కాస్ట్ రెండో సీజన్. ఒక నలభై నిమిషాల నాటకం. ఇవన్నీ కాక పగలంతా ఉద్యోగం. ఇల్లు గడిచేది దాని జీతంతోనే.

ఈ సంగతి విన్నవాళ్లందరూ ఇచ్చే సలహా ఒకటే: ఏదో ఒక్కటి పట్టుకో. మీలో కూడా చాలామంది ఆ మాట అన్నారు. రెండు పడవల మీద కాళ్లు పెడితే మునిగిపోతావని ఒక నిర్మాతగారు ఎంతో ప్రేమగానే చెప్పారు. ఆయన మంచి కోరే చెప్పారని నాకు తెలుసు. కానీ రెండో పడవ ఎందుకు ఎక్కాల్సి వచ్చిందో ఆయన అడగలేదు. మొదటి పడవ కదులుతుందో లేదో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎక్కాను.

పైన చెప్పిన ఏడింటిలో నేను రోజూ కూర్చుని రాస్తున్నవి మొదటి మూడే. మిగతా నాలుగూ మీ దగ్గర ఉన్నాయి. చదువుతున్నాం అన్నారు, పైవాళ్లకి పంపాం అన్నారు, బడ్జెట్ తేలాక చెబుతాం అన్నారు. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. చూసేవాళ్లకి అవి ఆగిపోయిన పనులు. నాకు మాత్రం చేస్తున్న మూడింటికన్నా ఎక్కువ బరువు వాటిదే. ఎందుకంటే వాటిని పక్కన పెట్టలేను. ఏ రోజైనా ఫోన్ రావచ్చు, వచ్చిన రోజు రెండు రోజుల్లో ఇంకో డ్రాఫ్టు కావాలంటారు. కథంతా, పాత్రల పేర్లతో సహా, మనసులో వెచ్చగా ఉంచుకోవాలి.

నిరుడు జరిగిన ఒక సంగతి చెబుతాను. నేను స్టేజీ ఎక్కడానికి పదిహేను నిమిషాల ముందు మెసేజ్ వచ్చింది. వెబ్ సిరీస్ ఎపిసోడ్‌లో తండ్రి పాత్ర తీసేసి, అక్కడ మేనత్తని పెట్టి పొద్దుటికి పంపగలరా అని. సరేనన్నాను. సరే అనకపోతే ఆ తలుపు మూసుకుపోతుందని భయం. ఆ రాత్రి నా సెట్‌లో, అంటే స్టేజీ మీద వరసగా చెప్పే జోకుల్లో, ముఖ్యమైన జోకు మా నాన్న గురించే. ఆరు వారాలుగా ప్రతి షోలోనూ నవ్వు తెచ్చిన జోకు అది. అందులో ఆఖరి మాటకి ముందు ఒక అర సెకను ఆగాలి. ఆ అర సెకను ఎంతో నిలబడి నేర్చుకున్నది, కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు. ఆ రోజు అక్కడికి వచ్చేసరికి నా తలలో తండ్రిని తీసేస్తే రెండో సీన్ ఎలా నిలబడుతుందన్న లెక్క నడుస్తోంది. అర సెకను ఆగలేదు. గబగబా చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. టిక్కెట్టు కొని వచ్చినవాళ్లకి నేను ఆ రాత్రి పూర్తిగా దొరకలేదు.

తెల్లవారుజామున నాలుగింటి దాకా కూర్చుని మేనత్త డ్రాఫ్టు పంపాను. ఐదు నెలలైంది. అది అందిందని కూడా ఎవరూ రాయలేదు.

ఇది నా ఒక్క మనసు బలహీనత కాదని తర్వాత తెలుసుకున్నాను. 2009లో సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు దీని మీద ఒక పేపర్ రాశారు. ఒక పనిని మధ్యలో వదిలి ఇంకో పనికి మారితే, మన ధ్యాసలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని, దాంతో కొత్త పని దెబ్బతింటుందని ఆమె చూపించారు. ఆమె చెప్పినదాంట్లో నన్ను ఆపి ఆలోచింపజేసిన విషయం ఇంకొకటుంది. ఒక గడువులోపల పనిని ముగించినవాళ్లు దాని నుంచి తేలిగ్గా బయటపడి తర్వాతి పనిలోకి వెళ్లగలిగారు. అంటే మనిషిని నలిపేది పనుల సంఖ్య ఒక్కటే కాదు. ఏదీ ముగియకపోవడం కూడా. నా పని నేను ముగించగలను. మీ నిర్ణయాన్ని నేను ముగించలేను కదా.

2018లో ఆమె, ఇంకో పరిశోధకురాలు కలిసి ఒక చిన్న ఉపాయం కూడా పరీక్షించారు. పని మధ్యలో లేవాల్సి వస్తే, ఎక్కడ ఆపామో, తిరిగి వచ్చాక మొదట ఏం చేయాలో ఒక నిమిషం తీసుకుని రాసిపెట్టుకోవాలి. నేను అప్పటినుంచి ప్రతి ప్రాజెక్టుకీ ఒక నోటుబుక్కు పెట్టాను, లేచేముందు ఆఖరి పేజీలో రెండు వాక్యాలు రాస్తాను. చాలా పనికొస్తోంది. నాలాంటివాళ్లు ఎవరైనా చదువుతుంటే చేసి చూడండి. కానీ ఆ నాలుగు నోటుబుక్కుల్లో "తిరిగి వచ్చాక మొదట ఏం చేయాలి" అన్నచోట రాయడానికి నాకేమీ ఉండదు. అది మీరు చెప్పాలి.

కామెడీకి ఆలస్యం వల్ల జరిగే నష్టం మిగతా రచనలకన్నా ఎక్కువ. ఒక నవల రెండేళ్లు బల్లమీద ఉన్నా నవలే. జోకు అలా నిలవ ఉండదు. ఈ నెల అందరి నోటా నానుతున్న మాట మీద రాసిన స్కెచ్ వచ్చే నెలకి పాతబడుతుంది. నాలుగు నెలల తర్వాత "ఓకే, కానీ కొంచెం పాతగా అనిపిస్తోంది" అని జవాబు వస్తే, పంపిన రోజు అది పాతగా లేదని ఎలా చెప్పాలి? అదే కాకుండా, కామెడీని కాగితం మీద తేల్చలేం. జనం ముందు చెబితేనే ఏది పండుతుందో తెలుస్తుంది. మీ దగ్గర ఉన్న స్క్రిప్టులోని మాటల్ని నేను స్టేజీ మీద పరీక్షించకూడదని అంటారు, బయటికి వెళ్లిపోతుందని. న్యాయమే. కానీ మీరు తీయరు, నన్ను చెప్పనివ్వరు. ఆ మాటలు ఎక్కడా బతకవు.

పోయినేడాదికి ముందు ఏడాది ఒకరికి 24 పేజీల స్క్రిప్టు ఇచ్చాను. నాలుగు డ్రాఫ్టులు, పైసా లేకుండా. పద్నాలుగు నెలలు జవాబు లేదు. తర్వాత ఇంకోచోట ఒక కార్యక్రమం వచ్చింది. అందులో అసలు పరిస్థితి నాదానికి చాలా దగ్గరగా ఉంది. నేను దొంగతనం అనడం లేదు, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఒకే ఆలోచన ఇద్దరికి రావడం మా పనిలో తరచూ జరిగేదే. చట్టం కూడా ఆలోచనని కాపాడదు. మేధో సంపత్తి హక్కుల మీద దేశాలు కుదుర్చుకున్న 1994 నాటి ట్రిప్స్ ఒప్పందంలోని 9వ అధికరణం కాపీరైట్ వ్యక్తీకరణకే గాని ఆలోచనకి కాదని స్పష్టంగా చెబుతుంది. అంటే రాసిన సీను నాది, డైలాగు నాది, అందులోని ఊహ మాత్రం అందరిదీ. అలాంటప్పుడు మాకున్న ఒకే రక్షణ తొందరగా బయటికి తేవడం. మీ మౌనం ఆ ఒక్కదాన్నీ తీసేసుకుంటుంది. రెండో నెలలోనే "మాకు వద్దు" అని ఉంటే నేను దాన్ని ఇంకెవరికైనా ఇచ్చేదాన్ని, లేకపోతే నేనే చేసేదాన్ని. మనసులో అనవసరమైన అనుమానం ఉండేది కాదు. ఆ అనుమానం మనిషిని ఎంత తినేస్తుందో చెప్పలేను.

సినిమా వ్యాపారంలో ఆప్షన్ అని ఒక పద్ధతి ఉంది, మీకు నాకన్నా బాగా తెలుసు. ఒక కథని కొంతకాలం తమ దగ్గరే పెట్టుకోవాలనుకుంటే, ఆ కాలానికి డబ్బిచ్చి కాగితం రాసుకుంటారు. గడువు దాటితే, పొడిగించుకోకపోతే, హక్కు రచయితకి తిరిగి వెళ్లిపోతుంది. ఇందులో ఎవరికీ అన్యాయం లేదు. మా స్క్రిప్టుల్ని మాత్రం కాగితం లేకుండా, డబ్బు లేకుండా, గడువు లేకుండా పెట్టుకుంటున్నారు.

ఇక్కడ ఒక అపార్థం రాకూడదు. ఎక్కువ పనులు చేయడం నాకు ఇష్టమే. స్టేజీ మీద పండని జోకు స్కెచ్‌లో ఒక పాత్ర నోట్లో పెడితే అద్భుతంగా పండుతుంది. నాకది చాలాసార్లు జరిగింది. పిల్లల కార్టూన్‌కి రాయడం మొదలుపెట్టాకే మాట తగ్గించడం నేర్చుకున్నాను, అక్కడ బొమ్మే సగం చెప్పేస్తుంది కాబట్టి. పాడ్‌కాస్ట్ చేశాక ఎదుటివాళ్లు చెప్పేది వినడం వచ్చింది. నటించేవాళ్లకి ఊపిరి ఎక్కడ అందదో స్టేజీ ఎక్కే రచయితకి తెలుస్తుంది, అందుకే అలాంటి రచయిత డైలాగు పొడవు సరిగ్గా ఉంటుంది. ఈ పనులు ఒకదానికొకటి నీళ్లు పోసుకుంటాయి. వాటిలో ఒక్కటే పట్టుకొమ్మని ఎవరు చెప్పినా నేను వదులుకోను. నాకు కష్టం కలిగిస్తున్నది పనులు ఎక్కువ కావడం కాదండీ, వాటికి మొదలూ చివరా లేకపోవడం.

షోలు నడిపేవారికి రెండు మాటలు. కొత్తవాళ్లకి ఐదు నిమిషాలు ఇవ్వాలంటే ఐదుగురు స్నేహితుల్ని టిక్కెట్టు కొనిపించి తీసుకురమ్మనే పద్ధతి దయచేసి మానండి. మూడోసారికి ఎవరికీ స్నేహితులు మిగలరు, అప్పుడు ఎంత ప్రతిభ ఉన్నా స్టేజీ దొరకదు. ఇంకొకటి, మా సెట్ రికార్డు చేసి అడక్కుండా క్లిప్ పెట్టకండి. మీకు అది ఒక పోస్టు. నాకు ఎనిమిది నెలలు చెక్కిన జోకు. లక్షమంది దాన్ని ఫోన్‌లో చూశాక, మర్నాడు హాల్లో కూర్చున్నవాళ్లకి ఆఖరి మాట ముందే తెలిసిపోతుంది. ఆ జోకుతో ఆ రోజే నా పని అయిపోతుంది, షోలో ఆ ఐదు నిమిషాల చోట ఇంకేదో కొత్తగా రాసుకోవాలి. ఎనిమిదో ప్రాజెక్టు అలా పుడుతుంది. అడిగితే చాలాసార్లు నేను ఒప్పుకుంటాను. ఏ జోకు అరిగిపోయిందో, ఏది ఇంకా దాచుకోవాలో నాకు తెలుసు.

ఈ అడుగుతున్నవి కొత్త కోరికలేం కాదు. 1545 ఫిబ్రవరిలో ఇటలీలోని పాడువాలో ఎనిమిదిమంది హాస్య నటులు ఒక నోటరీ ముందు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే బృందం అది. ఆ కాగితంలో వాళ్ల ఒప్పందం వచ్చే ఏడాది కార్నివాల్ పండుగ దాకా అని గడువుంది. వచ్చిన డబ్బు వేసే పెట్టెకి మూడు తాళంచెవులు ఉండాలని, అవి ముగ్గురి దగ్గర ఉండాలని ఉంది. ఎవరికైనా జబ్బు చేస్తే ఆ డబ్బుతో ఆదుకోవాలని ఉంది. సామాన్లు మోయడానికి అందరి డబ్బుతో ఒక గుర్రం కొనాలని కూడా ఉంది. ఆ గుర్రం మాట చదివినప్పుడు నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. దాదాపు 480 ఏళ్ల కిందట నవ్వించి బతికేవాళ్లకి తమ గడువు తెలుసు, తమ వాటా తెలుసు, సామాను ఎవరు మోస్తారో తెలుసు.

1979లో లాస్ ఏంజెలెస్‌లో ఒక పేరున్న క్లబ్బులో చేసే కమెడియన్లు పని ఆపేశారు. జనం డబ్బు కట్టి లోపలికి వస్తున్నారు, వడ్డించేవాళ్లకి జీతం ఉంది, నవ్వించేవాళ్లకి మాత్రం ఏమీ లేదు. స్టేజీ ఇవ్వడమే ప్రతిఫలం అన్నది యాజమాన్యం వాదన. సుమారు ఆరు వారాల తర్వాత సెట్‌కి 25 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 2023లో అమెరికా రచయితల సంఘం 148 రోజులు సమ్మె చేసింది. చివరికి వాళ్లు ఒప్పందంలో సాధించుకున్నవాటిలో ఒక సిరీస్‌కి కనీసం ఎంతమంది రచయితలు ఉండాలి, కనీసం ఎన్ని వారాల పని ఉండాలి అన్నవి ఉన్నాయి. ఎన్ని వారాలు అన్నది రాసి ఉండటం ఎంత పెద్ద విషయమో బయటివాళ్లకి అర్థం కాకపోవచ్చు. ఎన్ని వారాలో తెలిస్తే మిగతా వారాల్లో ఇంకో పని ఒప్పుకోవచ్చు, ఒక స్నేహితుడికి మాట ఇవ్వవచ్చు, జ్వరం వస్తే పడుకోవచ్చు.

నా వైపు తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం నిజాయితీగా ఉండదు. భయంతో నేను అన్నిటికీ సరేనన్నాను. రానివి పోను ఏదో ఒకటి తగులుతుందిలే అనుకున్నాను. దాంతో స్కెచ్‌లు రాసే స్నేహితులకి ఇవ్వాల్సిన పేజీలు రెండు నెలలు ఆలస్యం చేశాను. ఒక రాత్రి వాళ్లలో ఒకరు ఫోన్ చేసి, "రాస్తావా రాయవా ఏదో ఒకటి చెప్పు, నాకు కోపం లేదు, రాయనంటే నేనే రాసుకుంటాను" అన్నారు. ఆ మాట వింటుంటే సిగ్గేసింది. అచ్చం అదే వాక్యం నేను మీకు నెలల తరబడి చెప్పాలనుకుని చెప్పలేకపోయాను. మీరు నన్ను ఎలా నిలబెట్టారో, నేను వాళ్లని అలాగే నిలబెట్టాను. అప్పటినుంచి ఎవరు ఏది అడిగినా ముందు ఒక తేదీ చెబుతున్నాను, ఆ తేదీకి కుదరకపోతే కుదరదని ముందురోజే చెబుతున్నాను. చేయగలిగిన పనే అది. అందుకే మిమ్మల్నీ అడుగుతున్నాను.

స్క్రిప్టు తీసుకున్న రోజే ఒక తేదీ చెప్పండి. ఆరు వారాలు అనండి, పది వారాలు అనండి, మీ ఇష్టం. ఆ తేదీకి "మాకు వద్దు" అని ఒక్క లైను రాస్తే చాలు, కారణాలు అక్కర్లేదు. మా మనసు నొచ్చుకుంటుందని జవాబివ్వడం మానేస్తున్నామని మీలో ఒకరు అన్నారు. వారానికి రెండుసార్లు కొత్త జోకు పండక నిశ్శబ్దంలో నిలబడేవాళ్లం మేము. కాదన్న మాటకి తట్టుకుంటాం. ఇక మార్పులు అడిగితే, మొదటి డ్రాఫ్టు మా ఆశతో రాశాం సరే, రెండోదాని నుంచి డబ్బివ్వండి, ఎంత తక్కువైనా సరే. డబ్బు ఇవ్వాల్సి వస్తే మీరే ఆలోచించి అడుగుతారు. తండ్రి బదులు మేనత్త నిజంగా కావాలా అని ఒక పూట కూర్చుని మాట్లాడుకున్నాక మాకు ఫోన్ చేస్తారు. మధ్యలో ప్రాజెక్టు ఆగిపోతే అప్పటిదాకా చేసినదానికి లెక్క కట్టి పంపండి. పేరు వేస్తామంటే ఏ పేరు, ఎక్కడ వేస్తారో ముందే రాసివ్వండి.

మీకూ ఒత్తిళ్లుంటాయని తెలుసు. మీ బల్ల మీద నాలాంటివాళ్ల స్క్రిప్టులు వందలు ఉంటాయి, మీ పైన ఉన్నవాళ్లు మీకూ జవాబు చెప్పరు. ఆ టెన్షన్ మీ గొంతులో నాకు వినిపిస్తూనే ఉంటుంది. అయినా మీకు నెలకి జీతం వస్తుంది. ఈ గొలుసులో కింద నిలబడి, ఎదురుచూడటానికి డబ్బు రాకుండా ఎదురుచూసేది మేమొక్కళ్లమే.

నేను చేసిన నిర్ణయం కూడా ఇక్కడే చెబుతున్నాను. నాటకం విషయంలో ఈ నెలాఖరుకి చెబుతామని ఆ బృందం నిన్న కబురు పంపింది. వాళ్లకి కృతజ్ఞతలు, అప్పటిదాకా ఆ నోటుబుక్కు తెరవను. యానిమేషన్ వాళ్లకి, పాడ్‌కాస్ట్ వాళ్లకి ఇవాళే తేదీ అడుగుతూ ఉత్తరం రాశాను. వెబ్ సిరీస్ ఎపిసోడ్‌కి ఇంకో ముప్పై రోజులు చూస్తాను. దాని మీద ఇప్పటిదాకా సంతకం లేదు, డబ్బు లేదు, కాబట్టి అది ఇంకా నాదే. జవాబు రాకపోతే దాన్ని వెనక్కి తెచ్చుకుని నా గంట షోలో మిగిలిన 22 నిమిషాల్లో చెబుతాను. మేనత్తని తీసేసి, తండ్రిని మళ్లీ తెచ్చి పెట్టుకుంటాను. ఆయన ఆఖరి మాటకి ముందు ఎంతసేపు ఆగాలో నాకు తెలుసు.

ఇట్లు,
ఒక కామెడీ రచయిత్రి, నటి